పరీక్ష పెట్టని బాణం

వాగు ఒడ్డున ఒక ఊరుంది. ఆ ఊళ్లో చేతికర్రలు చేసే మేస్త్రి ఒకడున్నాడు. ముసలివాళ్లూ, కాలు బెణికినవాళ్లూ, ఊరికే దర్జా కోసం కర్ర పట్టుకు తిరిగేవాళ్లూ అతని దగ్గరికే వచ్చేవారు.

అతనికి ఒక పద్ధతుంది. కర్ర తయారయ్యాక దాన్ని నేల మీద నిలిపి, రెండు చేతులూ పైన ఆన్చి, ఒంట్లో ఉన్న బరువంతా దాని మీద వేసేవాడు. ఒరిగినా విరగని కర్రే గడప దాటేది. అలా దాటిన ఏ కర్రా ఇంతవరకు ఎవరినీ కింద పడెయ్యలేదు. ఆ సంగతి అతనే నలుగురికీ చెప్పుకునేవాడు, అడిగినా అడగకపోయినా.

ఊరికి కూడా ఒక ఆచారం ఉంది. పదేళ్లు నిండిన పిల్లలు తొలకరి నాడు వాగు ఒడ్డున నిలబడి తలా ఒక బాణం వేస్తారు. అవతలి వైపు బాణం ఎక్కడ పడితే అక్కడ ఒక మొక్క నాటాలి. ఇక ఆ చెట్టు వాళ్లదే. నీడా వాళ్లదే, కాయా వాళ్లదే. బాణం వాగు దాటకపోతే మళ్లీ ఏడాది దాకా ఆగాలి. ఆ బాణం కొనకూడదు, ఇంట్లోవాళ్లు చేసిందే అయ్యుండాలి.

మేస్త్రి కూతురికి ఆ ఏడు పదేళ్లు నిండాయి. ఆ పిల్ల ఒక కుండలో నేరేడు మొక్క పెంచుకుంటోంది. దానికి రోజూ నీళ్లు పోసి, "నాలుగు రోజులాగు, నీ చోటికి నువ్వు పోదువుగాని" అని చెప్పేది. విల్లు మేనమామ వెదురు వంచి ఇచ్చాడు. బాణం నాన్న చెయ్యాలి.

"బాణమెంత, నాకు చిటికెలో పని" అన్నాడు మేస్త్రి.

మొదటి రోజు మంచి చెక్క చీల్చి అయిదు పుల్లలు తీశాడు. బాడితతో చెక్కాడు, గాజుపెంకుతో గీకి నున్నగా చేశాడు. చూడ్డానికి ముచ్చటగా వచ్చాయి. ఇక అలవాటు ప్రకారం ఒక్కొక్కదాన్ని నేల మీద నిలిపి ఒరిగాడు. టపటపా నాలుగు విరిగాయి. అయిదోది గొడ్డలి కామంత లావుంది కాబట్టి బతికిపోయింది.

"బాణమంటే ఇదీ!" అన్నాడు.

దాన్ని వింటికి ఎక్కించడానికి కూతురు నానా తంటాలు పడింది. తీరా వదిలితే మూడడుగుల దూరంలో దబ్బున పడింది. అక్కడ గింజలు ఏరుకుంటున్న కోడి ఒక్క గంతు వేసి, మళ్లీ తన పనిలో పడింది. విరిగిన నాలుగింటినీ మేస్త్రి భార్య పొయ్యిలో పెట్టి, "మంచి చిదుగులు. రోజూ ఓ నాలుగు చేస్తూ ఉండండి" అంది.

రెండో రోజు కాస్త సన్నగా చేశాడు. ఇది కూడా విరుగుతుందేమోనని, చేతికర్రల అడుగున తొడిగే ఇత్తడి పొన్ను ఒకటి తెచ్చి దీని అడుగునా తొడిగాడు. బాణానికి అడుగు ఏ వైపో ఆలోచించలేదు. కర్రకు చేత్తో పట్టుకునే కొస తేలిగ్గా, అవతలి కొస బరువుగా ఉండాలని చిన్నప్పటి నుంచీ అతని చేతులకు తెలుసు. బాణంలో మొన అతనికి పైభాగంలా కనిపించింది. అంచేత ఈకలు కట్టిన వెనకవైపు పొన్ను బిగించి, నారి కూర్చోవడానికి దానికే గాడి కోశాడు.

ఆ బాణం బాగానే పైకి లేచింది. లేచాక, ఏదో మర్చిపోయిన మనిషిలా వెనక్కి తిరిగి, తోక ముందు పెట్టుకుని దిగి వచ్చి, అరుగు మీద కూర్చున్న మేస్త్రి తల్లి కాళ్ల దగ్గర పడింది.

"నాకెందుకే ఇది, నాకు కర్ర ఉందిగా!" అంది ముసలమ్మ.

అందరూ పగలబడి నవ్వారు, కూతురు తప్ప. ఆకాశం నిండా మబ్బు పట్టి ఉంది. ఇవాళో రేపో తొలకరి. ఆ పిల్ల కుండ ముందు కూర్చుంది గాని మొక్కతో ఏమీ చెప్పలేదు. అది చూసి మేస్త్రి నవ్వు ఆపేశాడు.

ముసలమ్మ కొడుకును దగ్గరికి పిలిచింది.

"ఒరేయ్, ఈ కర్ర నాకెందుకు చేశావు?"

"నువ్వు పడిపోకుండా."

"మరి నీ కూతురికి బాణం ఎందుకు చేస్తున్నావు?"

మేస్త్రి కింద పడిన బాణాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాణం నీ బరువు మొయ్యాలటరా? దాని మీద ఒరగడం మానెయ్."

"ఒరగకపోతే అది గట్టిదో కాదో తెలిసేదెట్లాగమ్మా?"

"వదిలితే తెలుస్తుంది."

"వదిలాక తెలిస్తే నాకేం లాభం?"

"లాభం నీకని ఎవరన్నారు?" అని ముసలమ్మ ఒక వక్కపలుకు నోట్లో వేసుకుంది.

మూడో రోజు మేస్త్రి చిటికెన వేలికన్నా సన్నంగా ఒక పుల్ల చెక్కాడు. వంకర ఉన్నచోట పొయ్యి సెగ చూపించి సరిచేశాడు. ఒక కన్ను మూసి ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు. భార్య ఏరి తెచ్చిన కోడి ఈకలు మూడు తుమ్మజిగురుతో అంటించి, దారం చుట్టాడు. ఎవరికీ గుచ్చుకోకుండా మొన గుండ్రంగా అరగదీశాడు. నడిమికి వేలి మీద అడ్డంగా ఆనిస్తే ముందువైపుకు కొంచెం మొగ్గింది.

"నాన్నా, పరీక్ష పెట్టవా?" అంది కూతురు.

మేస్త్రి బాణాన్ని నేల మీద నిలిపి అరచెయ్యి దాని మీద పెట్టాడు. కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత చెయ్యి తీసేసి బాణం కూతురికి ఇచ్చేశాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పంచెకు తుడుచుకున్నాడు.

మర్నాడు తెల్లవారుతూనే వాన పడి వెలిసింది. ఊరంతా వాగు ఒడ్డుకు చేరింది. పిల్లలు ఒక్కొక్కరే బాణాలు వేశారు. కొన్ని దాటాయి, కొన్ని నీళ్లలో పడి బాతుల వెంట కొట్టుకుపోయాయి. చివరగా మేస్త్రి కూతురు విల్లు ఎత్తింది.

బాణం వాగు దాటింది. అవతల పాత చెట్లన్నీ దాటింది. మిట్ట మీదుగా పోయి ఇక కనిపించలేదు. ఊరి పెద్ద కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇంత దూరం ఎవరూ వెయ్యలేదమ్మా. మిట్ట అవతలికి మనవాళ్లు ఎవరూ పోలేదు కూడా. వాగు పక్కనే నాటెయ్, మేం ఒప్పుకుంటాం" అన్నాడు.

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. సరేనని తల సగం ఊపాడు కూడా.

"బాణం వాగు పక్కన పడలేదుగా తాతా" అంది ఆ పిల్ల. కుండ చంకన పెట్టుకుని నాన్న ముఖంలోకి చూసింది. అందరూ మేస్త్రి వైపు తిరిగారు.

అతను మిట్టను చూశాడు, కూతురి చిన్న పాదాలను చూశాడు. వద్దనడానికి నోరు తెరిచాడు.

"పొద్దు గూకేలోగా వచ్చెయ్యి తల్లీ" అన్నాడు.

ఆ రోజంతా అతను ఒక్క కర్రా చెక్కలేదు. ఇంట్లోకీ వాకిట్లోకీ నూరుసార్లు తిరిగాడు. పొద్దు వాలకముందే ఆ పిల్ల మోకాళ్ల దాకా బురదతో, ఖాళీ కుండతో వచ్చి, "అమ్మా, అన్నం" అంది.

"ఎక్కడ నాటావు?" అన్నాడు మేస్త్రి.

"చెప్తే నీకు తెలీదు నాన్నా. రేపు వస్తే చూపిస్తా."

మర్నాడు పొద్దున్నే కూతురు ముందూ తండ్రి వెనకా వాగు దాటారు. పాత చెట్లు దాటారు. మిట్ట ఎక్కేసరికి మేస్త్రికి ఆయాసం వచ్చింది. మిట్ట అవతల అతను ఎన్నడూ చూడని పచ్చిక, దాని చివర ఇంకో మిట్ట కనిపించాయి.

"ఇంకెంత దూరమే?" అన్నాడు.

"ఇదిగో, వచ్చేశాం నాన్నా" అంది కూతురు ఆగకుండానే.

కనుచూపు మేరలో నేరేడు మొక్క జాడే లేదు. 'ఇదిగో, వచ్చేశాం' అనేది చిన్నపిల్లలను నడిపించడానికి పెద్దవాళ్లు చెప్పే మాటని మేస్త్రికి తెలుసు. పంచె ఎగగట్టి, నవ్వుకుంటూ ఆ పిల్ల వెనకే నడిచాడు.