రాజు పెట్టిన తోడు

ఒకానొక రాజ్యాన్ని జయకేతుడనే రాజు ఏలుతుండేవాడు. మంచివాడే గాని, తన చెయ్యి పడనిదే రాజ్యంలో గడ్డిపరకైనా మొలవదని ఆయన నమ్మకం.

ఆ ఏడు కామసాని అనే ఆవిడ మరికొందరు ఆడవాళ్ళను కూడగట్టుకుని తాటాకు గొడుగుల కొట్టు పెట్టింది. రాజు మురిసిపోయి పెట్టుబడి ఇచ్చాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. కొత్త వ్యాపారానికి మన తోడు ఉండాలంటూ వెంట అధికారులను కూడా పంపాడు. పొద్దున ఒకాయన వచ్చి కట్టలు కట్టిన ఆకులన్నీ విప్పించేవాడు. మధ్యాహ్నం ఇంకొకాయన వచ్చి, సగం అల్లిన గొడుగు ఊడదీయించి, ఎలా అల్లారో మొదటినుంచీ చెప్పమనేవాడు. వానలు ముంచుకొస్తున్నా ఒక్క గొడుగూ పూర్తి కాలేదు.

చేతకానివాళ్ళని రాజు మండిపడ్డాడు. మర్నాడు సాయంత్రానికల్లా కొట్టు మూయించమన్నాడు.

ఆ మాట విని ఆస్థాన విదూషకుడు గుండయ్య ప్రాణం ఉసూరుమంది. ఆ ఆడవాళ్ళ కష్టం అతను కళ్ళారా చూశాడు. ఎదురు చెబితే వినే రకం కాదు రాజు. అందుకని తిన్నగా వంటశాలకు వెళ్ళాడు.

మర్నాడు మధ్యాహ్నం రాజు భోజనానికి కూర్చున్నాడు. గడ్డపెరుగు లేనిదే ఆయనకు ముద్ద దిగదు. విస్తట్లో పడింది మాత్రం నీళ్ళలా పారింది. నోట పెడితే ఒకటే పులుపు.

"ఎవరి నిర్వాకం ఇది?" అన్నాడు రాజు.

"మన అధికారులదే ప్రభూ," అన్నాడు గుండయ్య చేతులు కట్టుకుని. "తోడు పెట్టిన పాలు సరిగా పెరుగవుతున్నాయో లేదో చూడమని నేనే పంపాను. పాపం, శ్రద్ధగా చూశారు. వచ్చినవారల్లా గరిటెతో కలిపారు. ఇంకా తోడుకోలేదని తలా కాస్త తోడు కూడా వేశారు."

"బుద్ధుందా గుండయ్యా? రవ్వంత తోడు వేసి గిన్నె కదపకుండా వదిలెయ్యాలి గాని, మాటిమాటికీ కెలుకుతారా?"

"ఆ ముక్కే కామసాని కొట్టుకూ సెలవివ్వండి ప్రభూ. అక్కడ తమరు పెట్టిందీ తోడే కదా."

రాజు చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. ముందు ముఖం ఎర్రబడింది. తర్వాత మీసం కదిలింది. ఆపైన పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. గొడుగు కొనుక్కోవడానికైతే తప్ప అధికారులెవరూ ఆ కొట్టు గడప తొక్కకూడదని అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చాడు.

తొలకరి నాటికి వీధివీధినా కామసాని గొడుగులే. రాజు కూడా ఒకటి వేసుకుని, చిన్నపిల్లాడిలా సంబరపడుతూ వానలో ఊరంతా తిరిగాడు. ఆ సంతోషంలో గుండయ్యకు మంచి పాడిగేదెను బహూకరించాడు.

గుండయ్య వంగి దండం పెట్టాడు.

"గేదె చాలు ప్రభూ. దానికి తోడుగా మాత్రం ఎవరినీ పంపకండి" అన్నాడు.

రాజు నవ్విన నవ్వుకు చేతిలో గొడుగు పక్కకు ఒరిగి, కిరీటం కాస్తా తడిసిపోయింది.