మోకుతెంపు తల్లి వెలసిన వైనం

తెల్లేరు సరస్సుకు తూర్పు ఒడ్డున ఉన్నది మోకుతెంపు రేవు. రేవు నుంచి సరస్సులోకి వెళ్లాలన్నా, సరస్సు నుంచి రేవుకు రావాలన్నా ఒకే ఒక ఇరుకు కాలువ దారి. దానిని ఇక్కడివారు మొగ అంటారు. రెండు పడవలు పక్కపక్కన పట్టేంత వెడల్పు మాత్రమే దానికి ఉంటుంది. ఆ మొగ ఒడ్డున, పెంకుల కప్పు కింద, నడుమెత్తు నల్లరాయి రూపంలో అమ్మవారు కొలువై ఉన్నారు. ఈ తల్లికి పూలమాల వేయరు. పడవ కట్టే లావుపాటి తాడు, అంటే మోకు, తెగిన ముక్కనే మెడలో వేస్తారు.

ఈ మధ్య చలికాలంలో సొంత పడవల మీద సరస్సు విహారానికి వచ్చేవారు ఎక్కువయ్యారు. రావడం సంతోషమే. పీతల పులుసు బాగుందంటారు, కొంగలను ఫొటోలు తీసుకుంటారు. పడవ యజమానిని చెప్పులు విప్పించి అడుసులో ఎందుకు నడిపిస్తారని మాత్రం విసుక్కుంటారు. అటువంటివారి కోసమే ఈ కథ. విన్న తర్వాత కూడా విసుగే మిగిలితే మేము చేయగలిగినది లేదు.

పూర్వం ఈ ఊరిని మొగరేవు అనేవారు. ఇక్కడ కాటమ్మ అనే మంత్రసాని ఉండేది. ఊళ్లోనూ, చుట్టుపక్కల దీవుల్లోనూ ఆమె చేతి మీదుగా భూమి మీద పడని బిడ్డ లేదు. ఆమె వద్ద ఒక బొడ్డుకొడవలి ఉండేది. అది బిడ్డ బొడ్డును తప్ప మరి దేనినీ, చివరకు గడ్డిపరకనైనా కోయరాదని నియమం. కోస్తే మంత్రసాని హస్తవాసి పోతుందని నమ్మకం. ముప్పై ఏళ్లలో కాటమ్మ ఒక్కనాడూ ఆ నియమం తప్పలేదు.

రేవుకూ ఒక నియమం ఉండేది. ఎవరి పడవైనా జారుముడితోనే కట్టాలి. దారి కావలసినవాడు ఒక్క లాగుతో దానిని విప్పుకొని పోవచ్చు, యజమానిని అడగనక్కరలేదు.

ఆ రోజుల్లో మెట్ట ప్రాంతపు పాలెగాడు కస్తూరి నాయనింగారికి సరస్సు చూడాలని ముచ్చట పుట్టింది. పుట్టి బుద్ధెరిగి మోకాలి లోతు నీరు చూడని మనిషి. చెక్కడపు కిటికీలతో రెండంతస్తుల పడవ చేయించుకొని, రేవు రేవునా విందులారగిస్తూ ఒకనాడు మొగరేవు చేరాడు. ఊరిపెద్ద మునెయ్య దండ పట్టుకొని ఎదురేగాడు. మధ్యాహ్నం కడుపునిండా తిన్నాక నాయనింగారికి ఉక్కపోసింది. మొగ మధ్యలో గాలి బాగుంటుందని ఎవరో చెప్పారు. వెంటనే పడవను మొగకు అడ్డంగా తిప్పి, రెండు ఒడ్లనూ ఉన్న గుంజలకు మోకులతో బిగించి పీటముళ్లు వేశారు. గాలి కోసం! ఊరి గొంతుకు అడ్డం కట్టుకొని ఆ మహానుభావుడు కునుకు తీశాడు.

అదే రోజు ఉదయం ఎర్రదిబ్బ దీవి నుంచి పోలయ్య అనే జాలరి కాటమ్మ కోసం పడవ వేసుకొచ్చాడు. అతని భార్య నాగూరమ్మకు తొలికాన్పు, బిడ్డ అడ్డం తిరిగింది. కాటమ్మ అప్పటికి ఊళ్లోనే మరో పురుడు పోస్తున్నది. ఆ పని ముగించి ఇద్దరూ పడవెక్కి మొగ దగ్గరకు వచ్చేసరికి దారి లేదు.

"అయ్యా, పడవ రవ్వంత పక్కకు తియ్యండి. దీవిలో పిల్ల నొప్పులు పడతా ఉండాది" అని కాటమ్మ నౌకర్లను బతిమాలింది.

"దొరగారు పడుకోనుండారు. లేపితే మా తోలు వొలుస్తారు" అన్నారు వాళ్లు.

ఆ పడవ మీదుగా దాటుదామంటే నౌకర్లు ఆమెను దాని మీద కాలు పెట్టనివ్వలేదు. పెట్టనిచ్చినా అవతల ఎక్కడానికి మరో పడవ లేదు. మునెయ్య పరుగున వచ్చాడు, పడవ తీయించడానికి కాదు, కాటమ్మ నోరు మూయించడానికి.

"ఊరికొచ్చిన పెద్దమనిషి ముందర రభస చెయ్యబాకమ్మా. కాసేపు ఓర్చుకో."

"నేను ఓర్చుకుంటా పెద్దయ్యా. కడుపులో బిడ్డకు చెప్పు, ఓర్చుకోమని!"

ఆ కేకకు కిటికీ తెరుచుకుంది. సంగతి విని నాయనింగారు ఆవులించారు. "ఆడవాళ్లు కనడం ఈరోజు కొత్తా? ఎండ తగ్గినాక తీస్తాంలే" అని కిటికీ మూసుకున్నారు.

అలా మూడు గడియలు గడిచాయి. కాటమ్మ ఒడ్డు దిగి, గుంజ దగ్గర వంగి ముడి విప్పబోయింది. తడిసి బిగిసిన పీటముడి గోళ్లకు లొంగలేదు. చాకు ఇవ్వమని ఒడ్డున నిలబడినవారిని అడిగింది. వల కోసే చాకు మొలలో లేని జాలరి ఉండడు. అంతమంది మగవాళ్లున్నారు, అన్ని చాకులున్నాయి, ఒక్కటీ బయటికి రాలేదు. అందరూ నేల చూపులు చూశారు. ఇన్ని తరాలైనా ఈ మాట రాస్తుంటే ఒళ్లు మండుతుంది.

అప్పుడు కాటమ్మ ఒడిలోంచి బొడ్డుకొడవలి తీసింది. ఒక్క క్షణం ఆమె చెయ్యి ఆగింది. ఈ కోతతో ముప్పై ఏళ్ల నియమం పోతుందని తెలుసు. తెలిసే మోకు కోసింది. పడవ గాలికి తిరిగి ఒడ్డు బురదలో కూరుకుపోయింది. పోలయ్య దారి చేసుకొని తెడ్డు వేశాడు.

వాళ్లు దీవి చేరేసరికి నాగూరమ్మలో కొనఊపిరి ఉంది. కాటమ్మ బిడ్డను సరిచేసి బయటికి తీసింది. ఆడపిల్ల. నియమం తప్పిన కొడవలిని ముట్టక, మరిగించిన ఆలిచిప్ప అంచుతో బొడ్డు కోసింది. బిడ్డ ఏడ్చింది. తల్లి ఆ ఏడుపు వింది, అంతే. మూడు గడియలు ముందు వచ్చి ఉంటే ఆ తల్లి బతికేది.

మర్నాడు ఊరిపెద్దలు కూర్చున్నారు. నాయనింగారిని తప్పు పట్టడానికి అనుకునేరు! తెగిన మోకుకు బదులు ఊరి తరఫున కొత్త మోకు సమర్పించారు. కాటమ్మ ఇకపై పురుడు పోయరాదని కట్టడి చేశారు. బొడ్డుకొడవలిని మైలపరచింది కాబట్టే నాగూరమ్మ చనిపోయిందని తీర్పు చెప్పారు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్నట్టు, మనిషి పోయినందుకు కాక మోకు తెగినందుకు వారికి దుఃఖం వచ్చింది. పెద్దల మాట నిజమేనేమోనన్న భయం కాటమ్మను తొలిచేసింది. ఆ పూట నుంచి అన్నం ముట్టలేదు.

మూడోనాడు తెల్లవారుజామున కునుకు పడితే నాగూరమ్మ కలలో కనిపించింది. "నన్ను చంపింది నీ కొడవలి గాదమ్మా, వాళ్ల ముడి. మొగ ఒడ్డున నా పేర రాయి నిలుపు. ఈ నీళ్లలో ఇంకొకడు పీటముడి వేస్తే నేను చూసుకుంటా" అన్నది. కాటమ్మ లేచి ఆ కల రేవంతా చెప్పింది.

ఆనాడు పొద్దెక్కాక, బురదలోంచి లాగిన పడవను నౌకర్లు కొత్త మోకుతో మళ్లీ మొగకు అడ్డంగా బిగించారు. ఊరంతా చూస్తుండగా, ఎవరూ చెయ్యి వేయకుండానే మోకు తెగింది. మళ్లీ కట్టారు, మళ్లీ తెగింది. మూడోసారి మునెయ్యే స్వయంగా ముడి బిగించాడు. అదీ రెండు తునకలై నీళ్లలో పడింది. నాయనింగారు హడలిపోయి, చెప్పులు వదిలేసి, మోకాలి లోతు అడుసులో పడుతూ లేస్తూ ఒడ్డుకు వచ్చాడు.

"ఏం చెయ్యమంటావు తల్లీ?" అని కాటమ్మను అడిగాడు.

"ముడి మేం వేస్తాం, మా ఆడోళ్లం. నువ్వు ఒక్క మాట చెప్పు. దారి అడిగితే లేస్తావా?"

"లేస్తాను" అన్నాడు. కాటమ్మ మూడుసార్లు అనిపించింది. నాగూరమ్మ పేర ఒక రాయిని మొగ ఒడ్డున నిలిపి, తెగిన మోకు దాని మెడలో వేసింది. తీర్పు చెప్పిన పెద్దలు ఒక్కొక్కరే వచ్చి ఆ రాయికి మొక్కారు. కాటమ్మకు మాత్రం ఒక్కరూ క్షమాపణ చెప్పలేదు. ఊరి పురుళ్లు మళ్లీ ఆమె చేతికే వచ్చాయి. తల్లి లేని ఆ పిల్లను కాటమ్మే పెంచింది. ఆ పిల్ల సంతతి ఆడపడుచులే నేటికీ అమ్మవారి పూజారిణులు.

ఏడో నెల నిండిన గర్భిణులు ఈ తల్లి ఎదుట మోకు ముక్క కోసి మొక్కుకుంటే సుఖప్రసవం అవుతుందని భక్తుల విశ్వాసం. తోవలో ఆపద తగలకూడదని కోరేవారు, పురుటింటికి పోయేవారు తప్పక దర్శించుకుంటారు.

సొంత పడవల మీద వచ్చేవారు మొగ వెలుపలే పడవ ఆపాలి. యజమాని, ఎంతటివాడైనా, వట్టికాళ్లతో అడుసులో నడిచి వచ్చి మోకు కొసను పూజారిణి చేతికి ఇవ్వాలి. జారుముడి ఆమె వేస్తుంది. వేసేముందు "దారి అడిగితే లేస్తావా?" అని మూడుసార్లు అడుగుతుంది. మూడుసార్లూ లేస్తానని వినపడేలా చెప్పాలి. ఆ మాట బరువనిపించే పెద్దలు దయచేసి వేరే రేవు చూసుకోగలరు.