తొర్రలో ఆట

వానాకాలం వచ్చిందంటే ఏటి ఒడ్డున కొండ మీది భిక్షుణుల విహారంలో పగలంతా మౌనవ్రతం. అక్కడ చదువుకునేవాళ్లంతా ఈడొస్తున్న ఆడపిల్లలు. నోరు కట్టుకుని ఉండడం వాళ్లవల్ల కాలేదు.

వాళ్ల బాధ్యత చూసే సుముఖికి, చెట్టుతొర్రలో తేనెటీగల్ని చూశాక ఒక ఉపాయం తోచింది. పూలు దొరికిన ఈగ తిరిగొచ్చి ఆడుతుంది. ఆ ఆటతో పూల జాడ తెలుసుకుని మిగతావి బయల్దేరతాయి. ఆమె పిల్లలకూ అలాగే మాటకు బదులు కదలికలు నేర్పింది. నీళ్లు కావాలంటే గుండ్రంగా తిరగాలి. అన్నానికి నడుం ఊపాలి. నొప్పికి ఒంటికాలి మీద నిలబడాలి. పిల్లలు సంబరంగా నేర్చుకున్నారు.

కొత్తగా వచ్చిన తారిణి మాత్రం అందరి ముందూ ఆడమంటే తల దించుకునేది. ఆ పిల్ల గిన్నెలో అన్నం నిన్నా మిగిలింది, ఇవాళా మిగిలింది.

వ్రతమైనా గురువుతో అవసరానికి మాట్లాడొచ్చు. సుముఖి భయపడి గురువు ధర్మశీల దగ్గరికి వెళ్లింది.

"ఏం కావాలో చెప్పదమ్మా. చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది? ఏమన్నా అయితే వాళ్లమ్మకి ఏం జవాబు చెప్పను? సాయంత్రం పడవలో ఇంటికి పంపించేద్దాం."

"నాకూ ఇవాళ గంజి అందలేదు. నడుం ఊపాలటగా. ఈ వయసులో నావల్ల ఎక్కడవుతుంది?" అంది ధర్మశీల.

సుముఖి నాలిక కరుచుకుంది. ధర్మశీల నవ్వి, ఆమెను తొర్ర దగ్గరికి తీసుకెళ్లింది.

"ఏం కనిపిస్తోంది?"

"ఒక ఈగ ఆడుతోందమ్మా."

ధర్మశీల తన పైబట్ట తొర్రకు అడ్డం పెట్టింది.

"ఇప్పుడు?"

"చీకటి."

"లోపలున్నవాటికి ఎప్పుడూ ఇంతే."

"మరి ఆట ఎలా తెలుస్తుంది వాటికి?"

ధర్మశీల బట్ట తీసేసింది. సుముఖి వంగి చూసింది. ఆడే ఈగ చుట్టూ నాలుగైదు ఈగలు దాదాపు ఆనుకుని ఉన్నాయి. అది తిరిగినప్పుడల్లా దాన్ని తాకుతూ అవీ తిరుగుతున్నాయి.

ఆమె చాలాసేపు అలాగే వంగి ఉండిపోయింది.

ఆ సాయంత్రం భోజనాల వేళ సుముఖి ఎప్పటిలా గుమ్మం దగ్గర నిలబడలేదు. గిన్నె పట్టుకెళ్లి తారిణి పక్కన, భుజం తగిలేలా కూర్చుని తినసాగింది. తారిణి ఒక ముద్ద నోట పెట్టుకుంది. నమలబోయింది. ఆ భుజం ఒక్కసారి బిగుసుకోవడం సుముఖికి తెలిసింది. కాసేపాగి మళ్లీ నమిలింది, మళ్లీ బిగుసుకుంది. ఎడమ దవడ కొంచెం వాచి ఉంది.

సుముఖి లేచి వంటింట్లోంచి పలచటి జావ, ఒక లవంగం తెచ్చింది. తారిణి లవంగం పంటి కింద పెట్టుకుంది. కాసేపటికి జావ గిన్నె ఎత్తి గడగడా తాగేసింది. మొత్తం తాగాక సుముఖి వైపు ఒరిగి కూర్చుంది.

ధర్మశీల గుమ్మంలోకి వచ్చింది.

"పడవ వచ్చింది," అంది మెల్లగా.

సుముఖి తల ఎత్తలేదు. తనమీద ఒరిగిన పిల్ల కదిలిపోతుందేమోనని, అన్నం కూడా ఎడమచేత్తో తింటోంది.

ధర్మశీల తన గిన్నె తెచ్చుకుని ఆమెకు రెండో పక్కన కూర్చుంది.