నడుముకిచ్చిన ధాన్యం

కోటతోటలో కొబ్బరికాయలు దించే పోలయ్య చెట్టు మీంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. రాజుగారు జాలిపడి నెలనెలా ధాన్యం ఇప్పించారు. ఊరికే కూర్చోలేక పోలయ్య తోటలోనే చాప వేసుకుని కొబ్బరితాళ్లు పేనసాగాడు.

అది చూసి కొత్త అధికారి శరభయ్య ఉరిమాడు. "పని చేస్తున్నావంటే నీకు నయమైనట్టే. ఇక ధాన్యం లేదు!"

ఇంట్లో నలుగురు తినేవాళ్లు. అయినా పోలయ్య నెమ్మదిగా అన్నాడు.

"చిత్తం. నయమైతే నా పాత పని ఇప్పించండి, ఇప్పుడే ఎక్కుతాను. తమరు మాత్రం చెట్టు కింద నిలబడాలి."

"నేనెందుకు?"

"నాకు నయమైందని నమ్మింది తమరొక్కరే కదా బాబూ!"

శరభయ్య తలెత్తి చెట్టు చివర దాకా చూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు.

"వద్దు వద్దు! ఆ నడుముతో ఎక్కితే నా మీదే పడతావు."

"రాజుగారు ధాన్యం ఇస్తున్నది ఆ నడుముకే బాబూ. తాళ్లు పేనేది చేతులు."

శరభయ్య వచ్చిన దారినే వెళ్లిపోయాడు. ధాన్యం ఆగలేదు.