తడి ఇసుకలో వెండి రూపాయి

మా సన్యాసిరావు మేష్టారిని ఏదైనా అడిగితే వెంటనే సమాధానం చెప్పరు. "చూద్దాం, నడవండి" అంటారు. నడుస్తుండగా ఏదో ఒకటి జరుగుతుంది. ఆ జరిగినదాన్నే సమాధానంగా వదిలేస్తారు. ఏమీ జరగని రోజున మాత్రం అడిగినవాళ్ళు ప్రశ్నను మళ్ళీ ఇంటికి మోసుకుపోవాల్సిందే.

ఉద్యోగకాలమంతా ఆయన టెలిఫోన్ శాఖలో, భూమిలోపల తెగిన తీగల్ని వెతకడంలోనే గడిపారు. రిటైరయ్యాక మెటల్ డిటెక్టర్ ఒకటి పట్టుకుని కళింగపట్నం సముద్రపుటొడ్డున ఇసుకలో జారిపోయిన నాణేలు వెతకడం మొదలుపెట్టారు. ఆ పిచ్చి అంటుకుని ఇద్దరం ఆయన వెనక చేరి, ఆయన్ని మేష్టారనడం మొదలుపెట్టాం. ఒకడిని నేను. రెండోది శ్రీకాకుళంలో మందుల దుకాణం నడిపే హైమవతి.

ఆ ఆదివారం ఉదయం హైమవతి కాలు ఒకచోట నిలవడం లేదు. వారం రోజులుగా కొత్త యంత్రాల వీడియోలు చూసి చూసి ఆమెకు నిద్ర కూడా సరిగా లేదు.

"మేష్టారూ, నాది తొమ్మిదేళ్ళ నాటిది. దానికి తెర లేదు, అంకెలు లేవు, కూత తప్ప ఇంకేమీ లేదు. కొత్తవాటిలో కిందున్నది వెండో రాగో ఇనుమో తవ్వకముందే తెర మీద పడిపోతుందట. మార్చెయ్యమంటారా? దీంతోనే సరిపెట్టుకోమంటారా?"

సరిగ్గా అలాంటి కొత్త యంత్రమే ఆవేళ మేష్టారి భుజాన వేలాడుతోంది. వాడి చూడమని మేనల్లుడు వారం రోజులకు ఇచ్చివెళ్ళాడు. హైమవతి చూపు దాని మీంచి కదలడం లేదు. ఆయన మాత్రం ఎప్పటిలాగే "చూద్దాం, నడవండి" అన్నారు.

పది అడుగులు వేశామో లేదో, పడవల దగ్గర నుంచి ఒకామె చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మాకేసి పరుగెత్తుకొచ్చింది. మైలపల్లి పోలమ్మ. తీరంలో చేపలు ఎండబెట్టే మనిషి, మమ్మల్ని ఎరిగున్నదే.

"బాబూ, మాయమ్మ రూపాయి పోనాది బాబూ! రాజు బొమ్మున్న ఎండి రూపాయి. మాయమ్మ సచ్చిపోతా నా మెళ్ళో కట్టినాది. వల లాగీటప్పుడు ఉంది, లాగినాక సూసుకుంటే దారమే ఉంది. ఇయ్యాల నా మనవరాలి బారసాల. దాని మెళ్ళో కడతానని అందరికీ సెప్పేసినాను!"

వల లాగిన చోటు చూపించింది. నీటి అంచున ముప్పై నలభై అడుగుల మేర. పోటు మొదలైంది. వచ్చే ప్రతి అల వెనకటి అల కంటే నాలుగు వేళ్ళు పైకి వస్తోంది. గంట గడిస్తే ఆ చోటంతా నీళ్ళ కిందికి పోతుంది.

హైమవతి మరి ఆగలేదు. హెడ్‌ఫోన్స్ తగిలించుకుని తన పాత యంత్రంతో దిగిపోయింది. కానీ ఉప్పునీళ్ళు తగిలిన ఇసుక మీదికి రాగానే అది పిచ్చెత్తినట్టు కూయడం మొదలుపెట్టింది. ఎటు తిప్పినా కూతే. ఇన్నేళ్ళూ ఆమె వెతికింది పైనున్న పొడి ఇసుకలోనే. తడి దగ్గరికి ఎప్పుడొచ్చినా ఈ గోల పడలేక వెనక్కి తిరిగేది. ఇప్పుడు తిరగడానికి లేదు. పక్కనే పోలమ్మ నిలబడి ఆమె ముఖంలోకే చూస్తోంది.

మేష్టారు ముందుకొచ్చారు. ఆమె చేతిలోని పాతది తీసుకుని, కొత్తది అందించారు.

కొత్త యంత్రం అదే తడి ఇసుక మీద కిక్కురుమనకుండా నిలబడింది. హైమవతి ముఖం వెలిగిపోయింది. "అబ్బ! ఎంత నిశ్శబ్దంగా ఉందండీ!" అని అరిచింది. తెర మీద మీటలు చకచకా నొక్కి, ఇనుము తగిలితే కూయకుండా చేసింది. ఒకప్పుడు అక్కడ పడవలు బాగుచేసేవారు, మేకులు తవ్వుతూ కూర్చుంటే పొద్దుపోతుందని ఆమె లెక్క. ఒక చివరి నుంచి మరో చివరికి వరసలు తీసింది. ఒక సోడా మూత దొరికింది. ఒక అయిదు రూపాయల బిళ్ళ దొరికింది. ఆమె తవ్వడానికి వంగిన ప్రతిసారీ పోలమ్మ ముందుకు ఉరికేది. రెండోసారి కూడా ఆ చోటంతా చుట్టబెట్టింది, వెండి తగల్లేదు. అప్పటికే కింది వరసలు మూడు నీళ్ళలో మునిగిపోయాయి.

"పట్టుకుపోనాదమ్మా, సముద్రం పట్టుకుపోనాది," అంటూ పోలమ్మ ఇసుకలో కూలబడింది. ఖాళీ దారం ఇంకా ఆమె మెడలోనే వేలాడుతోంది.

హైమవతి వంగి ఆ దారాన్ని చేతిలోకి తీసుకుని చూసింది.

"పోలమ్మా, రూపాయిని దారానికి ఎలా కట్టావు?"

"కట్టనేదమ్మా. కొక్కెం ఇరిగిపోతే పిన్నీసెట్టి తగిలించినాను."

"పిన్నీసు! ఇనప పిన్నీసేనా? అయితే ఇది రూపాయిని కూడా ఇనుమనుకుని దాటేసుంటుంది!"

జవాబు కోసం కూడా ఆగలేదు. ఇనుముకు కూడా కూసేలా మీట మళ్ళీ నొక్కేసింది. వెంటనే హెడ్‌ఫోన్స్ నిండా గుర్రుగుర్రుమని మేకుల చప్పుళ్ళు. నేను పక్కనుంచి తెరకేసి చూస్తున్నాను. ఇనుము, ఇనుము, మళ్ళీ ఇనుము. హైమవతి తెరను చూడటం మానేసింది. కళ్ళు మూసుకుంది. ఆ పాత యంత్రంతో తొమ్మిదేళ్ళు ఎలా వెతికిందో అలాగే, తల వంచుకుని, యంత్రం అడుగునున్న పళ్ళాన్ని నేలకు ఆనించినంత దగ్గరగా నెమ్మదిగా తిప్పుతూ నడిచింది. అలలు ఆమె పిక్కల దాకా వస్తున్నాయి.

ఒకచోట ఆగింది. తెర మీద ఇనుమనే ఉంది. ఆమె పక్కకు జరిగి, అడ్డంగా తిరిగి, అదే చోటును మరో వైపు నుంచి తడిమింది.

"గుర్రుమంటోంది. కానీ చివర సన్నగా ఇంకేదో పలుకుతోంది. రెండున్నాయి... మేష్టారూ, ఇక్కడ రెండున్నాయి!"

చిల్లుల పార దిగేసింది. తవ్వుతున్న గుంటలోకే అల వచ్చి పడింది, ఇసుక పూడిపోయింది. మళ్ళీ తవ్వింది. పోలమ్మ రెండు చేతులతో ఇసుక తోడేస్తోంది, నేను చెప్పులు విసిరేసి గుంట ముందు అలకు అడ్డంగా మోకాళ్ళ మీద కూర్చున్నాను. మూడో పారకు ఇసుకంతా చిల్లుల్లోంచి జారిపోయి, నల్లబడిన పిన్నీసు ఒకటి, దానికి వేలాడుతూ రూపాయి మిగిలాయి.

పోలమ్మ దాన్ని చెంపకు ఆనించుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. అంతలోనే లేచి, మమ్మల్ని ముగ్గుర్నీ బారసాలకు రమ్మని గట్టిగా పిలుస్తూ, ఒంటికంటిన ఇసుకైనా దులుపుకోకుండా ఇంటికి పరుగెత్తింది. ఆమె లేచిన చోటును తర్వాతి అల చదును చేసేసింది.

నడుం దాకా తడిసిన హైమవతి రెండు యంత్రాల మధ్య నిలబడి ఊపిరి తీసుకుంటోంది. పాతదానితో ఈ తడి ఇసుకలో వెతకగలిగేది కాదు. కొత్తదాని మాట వినుంటే రూపాయి మీంచి మూడోసారి కూడా నడిచిపోయేది. రెండూ ఆమెకు ఒక్కసారే తట్టినట్టున్నాయి. అటూ ఇటూ చూసి, చివరికి మేష్టారి వైపు తిరిగింది.

"ఇంతకీ ఏం చెయ్యమంటారు మేష్టారూ?"

మేష్టారు పంచె పిండుకుంటూ అన్నారు.

"తెర ఇనుమనే చెప్పింది కదమ్మా. అయినా తవ్వమన్నది నీ చెవి. ఆ చెవికేం కావాలో దాన్నే అడుగు."