నూకరత్నం డబ్బా

అనగనగా ఒక ఊళ్ళో... ఊరు కూడా కాదులే అమ్మలూ, గోదారి మధ్యలో ఒక లంక. నాలుగు పక్కలా నీళ్ళే. సంతకి వెళ్ళాలన్నా పడవే, పెళ్ళికి వెళ్ళాలన్నా పడవే. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఈ కథ చెప్పేటప్పుడల్లా నాకు కోపం వస్తుంది. గొంతు పెద్దదయితే భయపడకు. ఆ కోపం నీ మీద కాదు.

ఆ లంకలో నూకరత్నం అని ఒకావిడ ఉండేది. మట్టిగోడల ఇల్లు, పైన కొబ్బరాకు కప్పు. మొగుడు పడవ మీద కూలీ, వారానికోసారి ఇంటికొచ్చేవాడు. ఆవిడ కొబ్బరి పీచు నానబెట్టి, కొట్టి, తాళ్ళు పేనేది. వాళ్ళకి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది సీతాలు, చిన్నది బుల్లెమ్మ.

ఒక ఏడు గోదారి పొంగింది. లంక జనమంతా మెరక మీదున్న బడి అరుగెక్కి కూర్చున్నారు. ఒక రోజు కాదు, మూడు రోజులు. ఎటు చూసినా నీళ్ళే, తాగడానికి మాత్రం చుక్క లేదు. బావి మునిగిపోయింది. సీతాలు మూడేళ్ళ పిల్ల. దాహం ఆగక వరద నీళ్ళే దోసిట పట్టి తాగేసింది. అప్పుడు వాంతులు పట్టుకున్నాయి, విరేచనాలు పట్టుకున్నాయి. మూడో రోజు పడవ వచ్చేసరికి ఆ పిల్ల లేదు.

చూశావా అమ్మలూ, నీళ్ళలో పడి పోలేదు. నీళ్ళు తాగి పోయింది.

పడవలో వచ్చిన నర్సమ్మ నూకరత్నం పక్కన కూర్చుని చెప్పింది. లీటరు నీళ్ళు బాగా మరగబెట్టి చల్లార్చాలట. చిన్న చెంచాతో, అంచుకి సమంగా తలకొట్టి అర చెంచా ఉప్పు, అలాగే తలకొట్టి ఆరు చెంచాల పంచదార కలపాలట. గుక్క గుక్కగా పట్టిస్తూ ఉండాలట.

"ఇంతేనా అమ్మా?" అని అడిగింది నూకరత్నం.

"ఇంతేనమ్మా."

ఆ మాట ఆవిడ గుండెలో అలాగే ఉండిపోయింది. ఇంతేనా! కాసింత ఉప్పు, కాసింత పంచదార, ఒక అగ్గిపుల్ల. ఇవి లేక బంగారంలాంటి పిల్ల పోయిందా! ఎవరూ ఎందుకు చెప్పలేదు? గోదారి వాళ్ళకి కొత్తా? తాతల నాటి నుంచీ పొంగుతూనే ఉంది కదా? ఆవిడ ఏడవడం మానేసింది. ఆ తర్వాత ఆవిడకి కోపం పట్టుకుంది. మంచి కోపం.

రేవులో టీ కొట్టువాణ్ణి బతిమాలి ఖాళీ బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చుకుంది. ఒక వారం ఉప్పూ పంచదారా కొని విడివిడిగా పొట్లాలు కట్టి పెట్టింది. ఇంకో వారం అగ్గిపెట్టెలు కొని, ప్లాస్టిక్ కవరులో చుట్టి, మీద కొవ్వొత్తి కరిగించి పోసింది. మరో వారం శేరు అటుకులు, బెల్లం ముక్క, నీళ్ళు తేర్చడానికి పటిక. రేషను కార్డు, ఇంటి కాయితం కూడా అందులోనే పెట్టింది. పాత సైకిలు ట్యూబు కోసి మూత చుట్టూ బిగించింది. తను పేనిన తాడుతోనే దూలానికి కట్టింది. దాని పక్కన మంటకి ఒక బస్తా ఎండిన కొబ్బరి చిప్పలు, ఒక ఇనప పొయ్యి. చిప్పలకి డబ్బులెందుకు, లంక నిండా అవేగా! వానలు మొదలవగానే మూత బిందెడు నీళ్ళు మరగబెట్టి ఉంచేది, పాతబడితే మళ్ళీ మరగబెట్టేది. ఆవిడ చీర కొనుక్కోవడం మానలేదు, పిల్ల పాలు తగ్గించలేదు. వారానికొక్క వస్తువు, అంతే.

నెలకోసారి డబ్బా దింపేది. పాత అటుకులు బెల్లంతో కలిపి బుల్లెమ్మకి పెట్టి, కొత్తవి పోసేది. బుల్లెమ్మకి అది పండగ. "అమ్మా, డబ్బా రోజు ఎప్పుడు?" అని ప్రాణం తీసేది.

ఇందులో తప్పేమైనా ఉందా చెప్పు? లేదు కదా? కానీ ఆ లంక జనానికి కనపడింది.

సాయంత్రం దీపాలవేళ పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారనీ, మనం ఏదంటే దానికి వాళ్ళు "తథాస్తు" అంటారనీ, అది జరిగిపోతుందనీ అంటారు కదా. అందుకని ఆ లంకలో వరద అనే మాటే ఎవరూ పలికేవారు కాదు. అనకపోతే రాదట! గోదారి వీళ్ళ నోళ్ళకేసి చూస్తూ కూర్చుంటుందట!

మొదట ఇరుగూ పొరుగూ వచ్చారు. "ఏంటి వదినా, ఆ డబ్బా అలా వేలాడదీశావ్? వరదని పేరంటానికి పిలుస్తున్నావా?" అని బుగ్గలు నొక్కుకున్నారు. నూకరత్నం తాడు పేనుకుంటూ కూర్చుంది.

ఆ తర్వాత భద్రయ్యగారు కబురంపారు. లంకకి పెద్ద ఆయన. మొన్నటి వరద చూశాక తనొక్కడికే మేడ కట్టించుకుంటున్నాడు. శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకున్నాం, ఆ అపశకునం కిందికి దింపెయ్యి అని ఆ కబురు. నూకరత్నం దింపలేదు.

మూడోసారి ఆయనే వచ్చాడు, వెనకాల పదిమంది జనంతో. పాలేరు చేత తాడు కోయించాడు. డబ్బా కింద పడింది. మూత లాగి అటుకులన్నీ వాకిట్లో కుమ్మరించారు. కోళ్ళొచ్చి తిన్నాయి. ఉప్పూ పంచదారా మట్టిలో కలిశాయి. ఇది చెబుతుంటేనే నా ఒళ్ళు మండిపోతుంది, అమ్మలూ! పిల్లని పోగొట్టుకున్న తల్లి పోగేసుకున్న పిడికెడు తిండి అది!

"చెడు కోరుకునేవాళ్ళకి ఈ లంకలో చోటులేదే," అన్నాడు భద్రయ్య.

నూకరత్నం పేనుతున్న తాడు కింద పెట్టి లేచింది. "బాబుగారూ, రోజూ దీపం పెట్టినప్పుడు నా పిల్ల చల్లగా ఉండాలని గట్టిగా అంటానండి. సీతాలప్పుడూ అన్నానండి. ఆ మాటకి తథాస్తు అనలేదేంటండి మీ దేవతలు? చెడ్డమాటకే చెవులున్నాయా వాళ్ళకి?"

భద్రయ్య తుండుగుడ్డ దులుపుకుని వెళ్ళిపోయాడు. నూకరత్నం కార్డూ కాయితమూ ఏరుకుంది. డబ్బా కడిగి ఎండబెట్టింది. మళ్ళీ ఒక వారం ఉప్పూ పంచదారా, ఒక వారం అగ్గిపెట్టెలు, ఒక వారం అటుకులు. ఈసారి తాడు రెండు పేటలు ఎక్కువ వేసి పేనింది. అదే దూలానికి, అందరూ చూస్తుండగా కట్టింది.

మేడ గృహప్రవేశం ఘనంగా అయింది. డబ్బా ఉన్నా ఏమీ కాలేదు. ఆ సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

రెండేళ్ళు గడిచాయి. బుల్లెమ్మకి ఐదో ఏడు వచ్చింది. అప్పుడు గోదారి మళ్ళీ పొంగింది. పొద్దున పాలు కాచే వేళకి వాకిట్లో ఉన్న నీళ్ళు, మధ్యాహ్నానికి గడప దాటాయి. నూకరత్నం కంగారు పడలేదు. ఏది ఎక్కడుందో చేతులకే తెలుసు. బుల్లెమ్మని నడుముకి తాడుతో కట్టుకుంది. డబ్బా నెత్తిన పెట్టుకుంది. పక్కింటివాళ్ళ చేతికి బిందె ఇచ్చింది, చిప్పల బస్తా ఇచ్చింది, పొయ్యి ఇచ్చింది. బడి అరుగు అప్పటికే మునిగింది. లంక మొత్తానికి మిగిలింది భద్రయ్యగారి మేడ ఒక్కటే. అందరూ అటే నడిచారు.

మేడ మెట్ల దగ్గర భద్రయ్య నిలబడ్డాడు. అందర్నీ రానిస్తున్నాడు, నూకరత్నాన్ని చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు రా, పిల్లని తీసుకురా. ఆ డబ్బా మాత్రం నా ఇంట్లోకి రావడానికి వీల్లేదు. ఇదంతా దానివల్లే."

నీళ్ళు మోకాళ్ళు దాటుతున్నాయి. బుల్లెమ్మ మెడ పట్టుకుని ఏడుస్తోంది.

"డబ్బా రాకపోతే నేనూ రానండి బాబుగారూ," అంది నూకరత్నం. అలాగే నిలబడింది. సీతాలు చనిపోయిన రోజు చేతిలో ఏమీ లేకుండా నిలబడింది కదా, మళ్ళీ అలా నిలబడదలచుకోలేదు.

అప్పుడు పైనుంచి భద్రయ్య తల్లి మాణిక్యమ్మగారు కేకేసింది. ఎనభై ఏళ్ళ ముసలావిడ. "రానియ్యరా వెధవా! పసిపిల్ల తడుస్తోంది!"

భద్రయ్య పక్కకి తప్పుకున్నాడు.

మొదటి రోజు అందరూ డబ్బాకి దూరంగా కూర్చున్నారు. దాన్ని ముట్టుకుంటే అరిష్టం అన్నట్టు. భద్రయ్యకి కింది గదిలో బియ్యం బస్తాలున్నాయి, అవి మునిగాయి. అగ్గిపెట్టెలున్నాయి, అవి చెమ్మగిల్లాయి. పప్పులున్నాయి, ఉప్పుందీ, అన్నీ కిందే. వరదొస్తుందేమో, పైకి చేర్చుకుందాం అని నోరు తెరిచి అంటే తథాస్తు అనేస్తారని ఎవరూ అననే లేదు మరి.

రెండో రోజు పిల్లలు ఆకలికి ఏడుపులు మొదలెట్టారు. నూకరత్నం మూత తీసింది. ఒక్కో బిడ్డకి ఒక పిడికెడు అటుకులు, ఒక బెల్లం ముక్క. తన డబ్బాని చూసి నవ్వినవాళ్ళ బిడ్డలకీ అంతే, బుల్లెమ్మకీ అంతే. బిందెలో నీళ్ళు అయిపోతే వరద నీళ్ళలో పటిక తిప్పి, తేరాక గుడ్డలో వడకట్టి, కొబ్బరి చిప్పల మంట మీద మరగబెట్టింది. "మరిగినవే తాగండి, దణ్ణం పెడతాను" అని ఒక్కొక్కరికీ చెప్పింది.

మూడో రోజు పొద్దున మాణిక్యమ్మగారికి వాంతులు, విరేచనాలు. ముందు రోజు ఎవరూ చూడకుండా వరద నీళ్ళు తాగిందట. కళ్ళు లోతుకు పోయాయి. భద్రయ్య తల్లి పాదాల దగ్గర కూర్చుని అరికాళ్ళు రుద్దుతున్నాడు. ఎవర్ని అడగాలో తెలుసు, అడగడానికి నోరు రావడం లేదు.

నేనైతే ఆయన చేత రెండు మాటలు అడిగించుకునేదాన్ని! కోళ్ళకి పోసిన అటుకుల సంగతి ఎత్తేదాన్ని! నూకరత్నం ఎత్తలేదు. ఆ ముసలావిడ ముఖంలో ఆవిడకి సీతాలు కనపడింది. లీటరు నీళ్ళు, తలకొట్టిన అర చెంచా ఉప్పు, ఆరు చెంచాల పంచదార. ముసలావిడ తల ఒళ్ళో పెట్టుకుని గుక్క గుక్కగా పట్టించింది. కక్కితే కాసేపు ఆగి మళ్ళీ పట్టించింది. మధ్యాహ్నానికి ఆవిడ కళ్ళు తెరిచింది. పొద్దువాలేలోపు పడవ వచ్చింది. నర్సమ్మ నాడి చూసి, "ఈ నీళ్ళు ఎవరు పట్టారో గానీ, బతికించారు" అంది. బుల్లెమ్మా బాగుంది, పిల్లలందరూ బాగున్నారు.

ఇప్పుడు అందరూ నూకరత్నానికి దణ్ణం పెట్టి ఉంటారనుకుంటున్నావు కదూ?

ఆ పడవలో ఒక ఆఫీసరు కూడా వచ్చాడు. "ఇంత ముందుచూపు ఎవరిది?" అని అడిగాడు. భద్రయ్య గొంతు సవరించుకుని, "మా మేడ మీద అన్నీ సిద్ధంగానే ఉంచామండి" అన్నాడు. పక్కనున్నవాళ్ళు తలలూపారు! నూకరత్నం అప్పుడు బుల్లెమ్మకి తడిబట్టలు విప్పుతోంది. విన్నదో వినలేదో.

మరుసటి ఏడు లంకలో ఇంటింటికీ దూలానికొక డబ్బా వేలాడింది. ట్యూబు చుట్టిన డబ్బా, లోపల ఉప్పూ, పంచదారా, అగ్గిపెట్టే. దానికి ఏం పేరు పెట్టారో తెలుసా? భద్రయ్యగారి డబ్బా! సిగ్గూ శరమూ లేని జనం!

నూకరత్నం మళ్ళీ తాళ్ళు పేనుకోవడంలో పడింది. తాళ్ళు అమ్ముకోవడానికి ఇంటింటికీ వెళ్ళినప్పుడు తలెత్తి దూలం కేసి చూసేది. డబ్బా కనపడితే ముందుకెళ్ళేది, కనపడకపోతే ఆగి అడిగేది. ఇంకే ఇంట్లోనూ సీతాలు పోకూడదు, ఆవిడకి కావలసింది అదే.

కానీ మాణిక్యమ్మగారు ఊరుకోలేదు. కొడుకు మీద ఆధారపడ్డ ముసలావిడ, వాడితో పోట్లాడే ఓపిక లేదు. అందుకని ఏం చేసిందంటే, రోజూ సరిగ్గా దీపాలవేళకి కర్ర పట్టుకుని మేడ మీదికి ఎక్కేది. ఆకాశం కేసి తలెత్తి, లంకంతా వినపడేలా అరిచేది. "అది నూకరత్నం డబ్బా! నూకరత్నం డబ్బా! నూకరత్నం డబ్బా!"

ముమ్మారు, బతికినన్నాళ్ళూ. తథాస్తు దేవతలు వినాలని. కింద భద్రయ్య తలుపులు వేసుకునేవాడు.

నువ్వూ ఒకసారి అనవే అమ్మలూ. గట్టిగా అను, నిద్రమత్తులో గొణక్కు. పైన ఎవరున్నా లేకపోయినా, నా చెవులున్నాయి.

ఆఁ. అదీ.

కథేమో కంచికి, మనమేమో ఇంటికి,
ఉప్పు నీటికి, పంచదార నోటికి,
ట్యూబు మూతకి, డబ్బా దూలానికి,
పేరెవరికి? మన నూకరత్నానికి!