ఏమరుపాటు ఏ పేజీలో ఉంది?

కంబగిరి స్వామి ఆశ్రమంలో మద్దిలేటిని ఎరగనివాళ్ళు లేరు. తత్త్వాలు పాడేవాళ్ళకు ఏ మాట అర్థం కాకపోయినా అతని దగ్గరికే వస్తారు. అడిగిన నోరు మూతపడకముందే అర్థం చెప్పేస్తాడు. ఆశ్రమంలో ఉన్న అట్ట ఊడిపోయిన నిఘంటువును ఎప్పుడో నమిలి మింగేశాడు మరి.

అలాంటివాడికి దిగులు పట్టుకుంది. స్వామి సాయంత్రాలు ఊళ్ళో ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పుతున్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. ఈ మధ్య నిఘంటువు చూడటం కూడా నేర్పుతున్నాడు.

"సామీ, అందరూ పుస్తకమే చూసుకుంటే ఇంగ నా దగ్గరికి ఎవరొస్తారు?" అని మద్దిలేటి ఒకరోజు అడిగేశాడు. తల్లీ తండ్రీ లేక ఆశ్రమం చేరినవాడు. నలుగురూ తనను వెతుక్కుంటూ రావడం అతనికి అన్నం కన్నా ఎక్కువ.

స్వామి బదులు చెప్పేలోపే, అక్షరాలు నేర్చుకుంటున్నవాళ్ళలో ఒకతైన సుంకమ్మ వచ్చింది. జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది, మంచి గొంతు. చిన్నప్పటినుంచీ పాడుతున్న తత్త్వంలో ఒక మాట దగ్గర ఆమెకు ఇవాళ అనుమానం వచ్చింది.

"మద్దిలేటీ, ఏమరుపాటు అంటే ఏందబ్బా? పాడతా ఉంటా గానీ, అదేందో నాకు తెలీదు."

మద్దిలేటి ముఖం విప్పారింది. చెప్పడానికి నోరు తెరిచాడు. స్వామి ఆ తెరిచిన నోట్లో ఇంత పటికబెల్లం ముక్క పెట్టాడు.

"కొరకొద్దు. కరిగేదాకా మాట్లాడొద్దు" అని చెప్పి, నిఘంటువు తెచ్చి సుంకమ్మ ముందు పెట్టాడు. "ఆ మాటను ముక్కలు చెయ్యమ్మా."

ఆమె ఒక్కో వేలూ మడుస్తూ పలికింది. "ఏ... మ... రు... పా... టు."

"మొదటి అక్షరం వెంట పో. అది దొరికినాక రెండోదాన్ని వెతుకు."

పుస్తకం తెరిస్తే 'క' వచ్చింది. "కాదు, ఏ ముందే గదా" అనుకుంటూ వెనక్కి తిప్పింది. మరీ వెనక్కి పోయి 'ఈ' దగ్గర తేలింది. మళ్ళీ ముందుకు. ఏకాంతం దాటింది, ఏనుగు దాటింది. మద్దిలేటికి చెమటలు పడుతున్నాయి. కుడి పేజీలో అడుగున ఉందని అతనికి కంఠతా వచ్చు. ఉండబట్టలేక కనుబొమలతో చూపించబోయాడు. స్వామి అతని వైపు ఒక చూపు చూశాడు. కనుబొమలు దిగిపోయాయి.

"దొరికింది!" సుంకమ్మ అరిచినంత పని చేసింది. కూడబలుక్కుని చదివింది. "అ...జా...గ్ర...త్త. ప...రా...కు." ఆ చరణాన్ని తనలో తాను పాడుకుని తల పట్టుకుంది. "ఓయమ్మా, ఇన్నేండ్లూ ఈ పాట నన్నే తిడతా ఉంది గదా సామీ!"

పనైపోయింది, పుస్తకం మూయాలి. ఆమె మూయలేదు. పేజీ తిప్పింది. వేలు ఒక్కో మాట మీద ఆగుతూ కిందికి జరిగింది.

"ఏ... రా... లు. మా ఏరాలు గూడా ఉండాదే దీంట్లో!" అని పకపకా నవ్వింది. "తోడికోడలు అని రాసినారు. ఆయమ్మ నోటి సంగతి మాత్రం రాయలేదు!"

స్వామి కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఆ పేజీ మద్దిలేటి ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. ఆ మాట దగ్గర అతనికి ఒక్కసారీ నవ్వు రాలేదు. నవ్వడానికి అక్కడ ఏముందని? సుంకమ్మ వైపు చూశాడు, పుస్తకం వైపు చూశాడు. ఆమె వేలు అప్పటికే ఇంకో మాట మీదికి పోయింది. పెదవులు కదులుతున్నాయి గానీ ఏమి చదువుతోందో ఇక్కడికి వినిపించడం లేదు.

నోట్లో పటికబెల్లం ఎప్పుడో కరిగిపోయింది.

"ఇంక మాట్లాడొచ్చు నాయనా" అన్నాడు స్వామి.

మద్దిలేటి లేచి వెళ్ళి సుంకమ్మ పక్కన నేలమీద చతికిలబడ్డాడు.

"అక్కా, రవ్వంత జరుగు. ఆ కింద ఏముందో నాకు గూడా చదివి చెప్పు."